గేదె చూడి కట్టకపోవడానికీ, పాలు ఉప్పగా మారడానికీ కణపొరతో ఏం సంబంధం?

క్లుప్తంగా: జంతువు ఒంట్లో ప్రతి కణం చుట్టూ ఒక పల్చటి కొవ్వు పొర ఉంటుంది. దాన్ని కణత్వచం అంటారు. గడ్డకట్టించిన వీర్యం పాడైనా, పొదుగువాపులో పాల రుచి మారినా, ఎండకు దిగుబడి పడిపోయినా అక్కడ దెబ్బతినేది ఈ పొరే, లేదంటే పక్కపక్క కణాల పొరలను కలిపే అతుకులే. పొర గురించి తెలుసుకున్నదాంట్లో కొంత ఇప్పటికే పాడి రైతు వాడుకలో ఉంది. గేదెల విషయంలో మాత్రం చాలా పని మిగిలే ఉంది.

బెంగళూరులో బళ్లారి రోడ్డు మీద హెబ్బాళ దగ్గర పశువైద్య కళాశాల ఉంది. అక్కడి నుంచి కొన్ని కిలోమీటర్లు ముందుకెళితే జీకేవీకే, అంటే వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణ వస్తుంది. అక్కడ ఏటా జరిగే కృషి మేళాలో కన్నడంతో పాటు తెలుగూ బాగానే వినిపిస్తుంది. కోలారు, చింతామణి, బాగేపల్లి వైపు నుంచీ, సరిహద్దు దాటి హిందూపురం, మదనపల్లె నుంచీ పాడి రైతులు వస్తారు. పశువుల స్టాళ్ల దగ్గర వాళ్లు అడిగే ప్రశ్నలు ఎప్పుడూ ఉండేవే. రెండుసార్లు సూది (కృత్రిమ గర్భధారణ) వేయించినా ఎనుము ఎందుకు కట్టలేదు? పాలు ఎందుకు విరిగిపోతున్నాయి? ఎండాకాలం వస్తే పాలు ఎందుకు సగానికి పడిపోతాయి?

అదే ఆవరణలో జాతీయ జీవశాస్త్రాల కేంద్రం, ఎన్‌సీబీఎస్, ఉంది. కణపొర మీద ప్రోటీన్లు ఎలా గుంపులు కడతాయో ఏళ్ల తరబడి పరిశోధించిన సత్యజిత్ మేయర్ లాంటి శాస్త్రవేత్తలు పనిచేసిన చోటు అది. ఆ ప్రయోగశాలలకూ పశువుల స్టాల్‌కూ సంబంధం ఏమిటన్నది చాలామందికి అర్థం కాని విషయం. 2025 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, జన్యువును సవరించిన పందులకు అనుమతి ఇచ్చాక ఈ గందరగోళం ఇంకాస్త పెరిగింది. కణపొర పరిశోధన అంటేనే జన్యు సవరణ అనే అభిప్రాయం ఏర్పడింది. నిజానికి ఆ పందులు ఈ కథలో ఒక చిన్న ముక్క మాత్రమే. పెద్ద ముక్కలు అంతకంటే పాతవి, చాలా మామూలువి.

నెయ్యి, నూనె, మధ్యలో పొర

కణపొర మందం సుమారు 5 నానోమీటర్లు. ఒక తల వెంట్రుక మందం నిండాలంటే ఇలాంటి పొరలను పదివేలకు పైగా పేర్చాలి. దీనిలో ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వు అణువులు రెండు వరసలుగా, తోకలు లోపలికీ తలలు బయటికీ పెట్టుకుని ఉంటాయి. ఇవి రెండు వరసలని 1925లో గోర్టర్, గ్రెండెల్ అనే డచ్ శాస్త్రవేత్తలు ఎర్ర రక్తకణాల కొవ్వును కొలిచి చెప్పారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రచురించింది కూడా అదే ఏడాది. ఫాస్ఫోలిపిడ్లలో భాస్వరం ఉంటుంది కాబట్టి, ఒక పొరలో అవి ఎంత ఉన్నాయో లెక్కకట్టడానికి ఆ పద్ధతీ, దాని మార్పులూ దశాబ్దాల పాటు ప్రయోగశాలల్లో వాడుకలో ఉన్నాయి.

పొర అనగానే గోడ గుర్తొస్తుంది గానీ, అది గోడలా బిగుసుకుని ఉండదు. కొవ్వులు అటూ ఇటూ జరుగుతుంటాయి, ప్రోటీన్లు వాటిలో తేలుతుంటాయి. 1972లో సింగర్, నికల్సన్ ఇచ్చిన నమూనా సారాంశం ఇదే. ఈ కదలిక ఎంత ఉండాలన్నది కొవ్వుల రకం మీద ఆధారపడుతుంది. డిసెంబరు చలికి వంటింట్లో నెయ్యి గడ్డకడుతుంది, పక్కనే ఉన్న పొద్దుతిరుగుడు నూనె కట్టదు. కణపొరలోనూ నెయ్యి లాంటి కొవ్వులూ, నూనె లాంటి కొవ్వులూ కలిసి ఉంటాయి. చల్లబడినప్పుడు కొన్ని ముందే బిగుసుకుంటాయి, కొన్ని ఆలస్యంగా. ఈ రెండింటి మధ్య కొలెస్ట్రాల్ చేరి పొర మరీ బిగుసుకోకుండా, మరీ జారిపోకుండా చూస్తుంది. గుండె డాక్టర్ దగ్గర చెడ్డపేరు తెచ్చుకున్న కొలెస్ట్రాలే ఇక్కడ కాపలాదారు.

ఇక పొరలోని ప్రోటీన్లు ద్వారాలుగా, పంపులుగా, గుర్తుపట్టే కొక్కేలుగా పనిచేస్తాయి. నీరు వెళ్లే ద్వారాలను కనుగొన్నందుకు పీటర్ ఆగ్రేకి 2003లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. సోడియాన్ని బయటికి, పొటాషియాన్ని లోపలికి తోడే పంపును 1957లో గుర్తించిన డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌకి 1997లో అదే బహుమతి దక్కింది. కొవ్వుల కూర్పు, ద్వారాలు, పంపులు, కొక్కేలు. ఇక్కడ చెప్పుకునే నష్టాలు చాలావరకు వీటిలో ఏదో ఒకదాని చుట్టూ తిరుగుతాయి.

స్ట్రాలో 2 కోట్ల కణాలు, బతికేవి ఎన్ని?

పొర గురించిన అవగాహన పశుపోషణకు ఎక్కువగా ఉపయోగపడింది వీర్యాన్ని గడ్డకట్టించి నిల్వచేయడంలోనే. బెంగళూరు శివార్లలో హెసరఘట్టలో కేంద్ర ప్రభుత్వ ఘనీభవన వీర్య ఉత్పత్తి, శిక్షణ సంస్థ 1969లో డెన్మార్క్ సహకారంతో మొదలైంది. ఇలాంటి కేంద్రాల్లో వీర్యం నింపే సన్నటి గొట్టం, అంటే స్ట్రా, ఒక్కోటి 0.25 మిల్లీలీటర్లు. అందులో సుమారు 2 కోట్ల వీర్యకణాలు ఉంటాయి. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో నిల్వచేసి, తిరిగి కరిగించాక కనీసం సగం కణాలు ముందుకు కదులుతుండాలన్నది మన దేశంలో ప్రమాణం. మరోలా చెబితే, సగం దాకా పోయినా పర్వాలేదని ముందే ఒప్పుకున్నట్టు.

ఎందుకు పోతాయి? మొదటి దెబ్బ గడ్డకట్టక ముందే తగులుతుంది. ఒంటి వేడి నుంచి 5 డిగ్రీలకు దిగేటప్పుడు పొరలోని నెయ్యి లాంటి కొవ్వులు ఒకచోట బిగుసుకుపోతాయి. నూనె లాంటివి పక్కకు జరుగుతాయి. ఆ రెండింటి సరిహద్దులో సందులు పడతాయి, ఆ సందుల్లోంచి కాల్షియం లోపలికి చొరబడుతుంది. అందుకే వీర్యాన్ని చల్లబరిచేటప్పుడు తొందరపడరు, సుమారు 4 గంటలు 4-5 డిగ్రీల దగ్గర ఉంచుతారు. రెండో దెబ్బ మంచు కట్టేటప్పుడు. బయటి నీరు ముందు మంచవుతుంది. మిగిలిన ద్రవంలో ఉప్పు చిక్కబడి, కణంలోని నీటిని బయటికి లాగేస్తుంది. మరీ నెమ్మదిగా చల్లబరిస్తే కణం ఎండిపోతుంది. మరీ వేగంగా చల్లబరిస్తే నీరు బయటికి వెళ్లే వ్యవధి దొరక్క కణం లోపలే మంచు ముళ్లు కట్టి పొరను చీల్చేస్తాయి.

దీనికి విరుగుడు దొరికింది పొరపాటుగా. 1949లో ఇంగ్లండ్‌లో పోల్జ్, స్మిత్, పార్క్స్ చక్కెర ద్రావణం అనుకుని వాడిన సీసాలో నిజానికి ఉన్నది గ్లిసరాల్ కలిసిన ద్రావణం. కోడిపుంజు వీర్యకణాలు గడ్డకట్టి కూడా బతికి బయటపడ్డాయి. 1951కల్లా గడ్డకట్టించిన వీర్యంతో తొలి దూడ పుట్టింది. గ్లిసరాల్ పొర గుండా కణంలోకి వెళ్లి కొంత నీటి స్థానాన్ని తీసుకుంటుంది. మంచు తక్కువ కడుతుంది, ఉప్పు అంతగా చిక్కబడదు.

స్ట్రాలో పోసే ద్రవంలో గ్లిసరాల్‌తో పాటు కోడిగుడ్డు పచ్చసొన కూడా కలుపుతారని రైతుల్లో చాలామందికి తెలియదు. 1940 ప్రాంతం నుంచీ ఇదే పద్ధతి. పచ్చసొనలోని తక్కువ సాంద్రత లిపోప్రోటీన్లు వీర్యకణం పొరకు అంటుకుని, చలికి కొవ్వులు జారిపోకుండా కాపాడతాయని తర్వాతి పరిశోధనల్లో తేలింది. కారణం తెలిశాక ప్రత్యామ్నాయమూ దొరికింది. గుడ్డుతో పాటు సూక్ష్మజీవులు వచ్చే ప్రమాదం ఉంటుంది కాబట్టి, అదే పని చేసే సోయా లెసిథిన్‌తో తయారైన ద్రవాలు ఇప్పుడు మార్కెట్‌లో ఉన్నాయి.

జంతువుల మధ్య తేడాలు కూడా పొర దగ్గరే తెలుస్తాయి. కుందేలు వీర్యకణం పొరలో కొలెస్ట్రాల్ వాటా ఎక్కువ, అది చలిని బాగా తట్టుకుంటుంది. ఆబోతుది మధ్యస్థం. పొట్టేలు, మగపంది విషయంలో తక్కువ, అందుకే పంది వీర్యాన్ని ఇప్పటికీ చాలాచోట్ల గడ్డకట్టించకుండా 17 డిగ్రీల దగ్గర ఉంచే వాడతారు. మరి కొలెస్ట్రాల్ అదనంగా ఎక్కిస్తే సరిపోదా? సైక్లోడెక్స్‌ట్రిన్ అనే చక్కెర అణువు సాయంతో ఆబోతు వీర్యకణాల్లో ఆ పనీ చేసి చూశారు. కరిగించాక బతికిన కణాలు పెరిగాయి. చూడి కట్టే శాతం మాత్రం ఆ మేరకు పెరగలేదు. కారణం కూడా పొరలోనే ఉండొచ్చు. వీర్యకణం అండాన్ని చేరేలోపు తన పొర నుంచి కొలెస్ట్రాల్‌ను వదిలేయాలి, అప్పుడే దానికి అండంలోకి చొచ్చుకుపోయే శక్తి వస్తుంది. ఎక్కువ కాపలా పెడితే ఇంటివాడికే తలుపు తెరుచుకోనట్టు అయింది పరిస్థితి.

ఇదంతా ప్రయోగశాల సంగతి. ఊళ్లో జరిగేదానికీ పొరే ప్రమాణం. స్ట్రాను 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు ఉంచి కరిగించాలంటారు. నెమ్మదిగా కరిగితే చిన్న మంచు రేణువులు కలిసి పెద్దవై, బతికిన కణాల పొరలను కూడా చీలుస్తాయి. స్ట్రాల కోసం వెతుకుతూ కంటైనర్ మెడ పైకి గుత్తిని ఎత్తి పట్టుకున్నా ఇదే ప్రమాదం. మైనస్ 130 డిగ్రీల కంటే వేడెక్కితే మంచు మళ్లీ రూపు మార్చుకోవడం మొదలుపెడుతుంది, తిరిగి లోపల పెట్టినా జరిగిన నష్టం పోదు. జేబులో పెట్టుకుని కరిగించే అలవాటు, నత్రజని తగ్గిపోయిన కంటైనర్ లాంటివాటి వల్ల ఎన్ని ఎదలు వృథా అవుతున్నాయన్నది, కొత్త ద్రవాలు కనిపెట్టడం కంటే ముందు తేల్చాల్సిన లెక్క.

పాలు తయారయ్యేదీ, పాడయ్యేదీ పొర దగ్గరే

లీటరు పాలు రావాలంటే పొదుగుకు సుమారు 70 గ్రాముల గ్లూకోజ్ కావాలి. రక్తంలోని గ్లూకోజ్ పొదుగు కణాల పొరలో ఉన్న ద్వారాల గుండా లోపలికి వస్తుంది. కణం లోపలి సంచుల్లో అది లాక్టోజ్‌గా, అంటే పాల చక్కెరగా, మారుతుంది. లాక్టోజ్ ఆ సంచి పొరను దాటలేదు. చిక్కుకుపోయిన చక్కెర నీటిని లాక్కుంటుంది. పాలు లీటర్లలో పెరిగేది ఇలాగే. పాల పరిమాణం లాక్టోజ్ మీద ఆధారపడుతుందని పాఠ్యపుస్తకాలు చెప్పే మాట వెనక ఉన్నది ఈ అభేద్యమైన పొరే. అది లాక్టోజ్‌ను దాటనిస్తే పాలే ఉండవు.

వెన్న సంగతి ఇంకా ఆసక్తికరం. పొదుగు కణం కొవ్వు బొట్టును బయటికి నెట్టేటప్పుడు తన పొరలోనే కొంత ముక్కను చుట్టి పంపుతుంది. అందుకే పాలలో కొవ్వు ముద్ద కట్టకుండా చిన్నచిన్న గోళాలుగా ఉంటుంది. కవ్వంతో చిలికినప్పుడు జరిగేది ఈ పొరలు చిరగడమే. లోపలి కొవ్వు ఒకదానికొకటి అంటుకుని వెన్నగా తేలుతుంది, చిరిగిన పొరల్లో ఎక్కువ భాగం మజ్జిగలో మిగులుతుంది. మజ్జిగను మిగులుగా చూసిన పాల పరిశ్రమ ఇప్పుడు అందులోని ఆ పొర పదార్థాన్ని వేరుచేసి పసిపిల్లల పాలపొడుల్లో కలుపుతోంది.

ఇదే పొర రవాణాలో నష్టం కూడా తెస్తుంది. పచ్చిపాలలో లైపేజ్ అనే ఎంజైమ్ సహజంగా ఉంటుంది. పొర చెక్కుచెదరనంత వరకు అది కొవ్వును తాకలేదు. సగం నిండిన క్యాన్లు గతుకుల రోడ్డు మీద ఎగిరెగిరి నురగ కడితే పొర చిరుగుతుంది. లైపేజ్ కొవ్వును విడగొట్టి పాలకు చేదు, సబ్బు లాంటి రుచి తెస్తుంది. ‘పాలు తేడాగా ఉన్నాయి’ అని సొసైటీలో పక్కన పెట్టినప్పుడు ప్రతిసారీ కల్తీయే కారణం కాకపోవచ్చు.

పొదుగువాపు నష్టం కణాల మధ్య అతుకుల్లో మొదలవుతుంది. ఆరోగ్యంగా ఉన్న పొదుగులో పాల కణాలు ఒకదానికొకటి బిగుతుగా కుట్టినట్టు అతుక్కుని ఉంటాయి. పాలు ఒకవైపు, రక్తం ఇంకోవైపు. సూక్ష్మజీవులు చేరాక ఈ కుట్లు వదులవుతాయి. రక్తంలోని సోడియం, క్లోరైడ్ పాలలోకి వస్తాయి, పాలలోని లాక్టోజ్ రక్తంలోకి వెళ్తుంది. పాలు ఉప్పగా తగిలేది ఇందుకే. ఉప్పు పెరిగితే పాల గుండా విద్యుత్తు ఎక్కువగా ప్రవహిస్తుంది. పెద్ద ఫారాల్లోని పాలు పితికే యంత్రాలు కంటికి కనిపించని పొదుగువాపును పసిగట్టడానికి ఈ లక్షణాన్నే వాడతాయి.

తక్కువ ఖర్చు పరీక్ష ఒకటి 1957 నుంచీ ఉంది. షామ్, నూర్‌లాండర్ రూపొందించిన కాలిఫోర్నియా పొదుగువాపు పరీక్షలో పాలకు సబ్బు లాంటి ద్రావణాన్ని కలుపుతారు. సబ్బు, పాలలోకి చేరిన తెల్ల రక్తకణాల పొరను కరిగిస్తుంది, లోపలి డీఎన్‌ఏ బయటికొచ్చి పాలు జిగురులా సాగుతాయి. నాలుగు గుంటల పళ్లెం, ఒక సీసా ద్రావణం ఉంటే ఏ చన్నులో జబ్బుందో నిమిషంలోపే తెలుస్తుంది. పెద్ద యంత్రాల కంటే రెండు మూడు పశువులున్న ఇంటికి దీనివల్లే ఎక్కువ లాభం. అయినా ఊళ్లలో ఇది కనిపించాల్సినంతగా కనిపించదు.

ఎండ పేగు మీద పడితే

బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. ఇక్కడి వాతావరణంలో హాయిగా ఉండే సంకరజాతి ఆవు, అనంతపురం ఎండలో అలా ఉండలేదు. మేత తక్కువ తినడం వల్లే పాలు తగ్గుతాయని చాలాకాలం అనుకున్నారు. ఎండలో ఉన్న ఆవు ఎంత తిందో సరిగ్గా అంతే చల్లటి చోట ఉన్న ఆవుకు పెట్టి పోల్చినప్పుడు, తగ్గుదలలో సుమారు సగం మాత్రమే మేత లెక్కకు వచ్చింది. మిగతా సగానికి మరో కారణం ఉండాలి.

దానిలో కొంత పేగులో ఉందని ఇప్పుడు పరిశోధకులు భావిస్తున్నారు. ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, పేగుకు ఆక్సిజన్ తగ్గుతుంది. పంపులు నడవడానికి కావలసిన శక్తి చాలక పేగు కణాల మధ్య అతుకులు వదులవుతాయి. బాక్టీరియా పైపొరలోని విష పదార్థం రక్తంలోకి జారుతుంది, రోగనిరోధక కణాలు మేల్కొంటాయి. అవి బతికేది గ్లూకోజ్ మీద. 2017లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో ఆ విష పదార్థాన్ని నేరుగా రక్తంలోకి ఎక్కించిన హోల్‌స్టీన్ అనే విదేశీ పాడి జాతి ఆవుల్లో, రోగనిరోధక వ్యవస్థ 12 గంటల్లో కిలోకు పైగా గ్లూకోజ్ వాడుకుంది. లీటరుకు 70 గ్రాముల లెక్కన అది సుమారు 14 లీటర్ల పాలకు సరిపడే చక్కెర. ఎండ ఒక్కటే అంత తీవ్రంగా పనిచేయదు, అయినా పాలు ఎటు పోతున్నాయో ఆ అంకె చూపిస్తుంది. బ్రాయిలర్ కోళ్లలోనూ ఇదే దారి. పేగు అతుకులను నిలబెట్టే బ్యుటిరేట్, జింక్, విటమిన్-ఇ లాంటివి దాణాలో కలపడం వెనక తర్కం ఇది. నీడ, చల్లటి నీళ్లు లేని చోట ఇవి కలిపినా పెద్దగా ఒరిగేదేమీ లేదు.

పందులు, వైరస్‌లు, మందులు

మళ్లీ 2025 వార్త దగ్గరికి. పీఆర్‌ఆర్‌ఎస్ అనే పంది జబ్బు వైరస్ కణంలోకి దూరడానికి సీడీ163 అనే పొర ప్రోటీన్‌ను కొక్కెంలా వాడుకుంటుంది. దానిలో వైరస్ పట్టుకునే చిన్న భాగాన్ని తీసేస్తే జబ్బు సోకదు. ఎఫ్‌డీఏ అనుమతించింది ఆ పందులనే. ఈ జబ్బు మన దేశంలో 2013లో మిజోరంలో బయటపడింది.

అంతకంటే ముందే, జన్యు సవరణ ఏమీ లేకుండా పొర పరిశోధన పందుల పెంపకాన్ని మార్చింది. రవాణాలో బెదిరి హఠాత్తుగా చనిపోయే, మాంసం పాలిపోయి నీరు కారే పందుల్లో లోపం కండరం లోపలి పొర మీదున్న కాల్షియం ద్వారంలో ఉందని 1991లో తేలింది. ఒక్క రక్తపరీక్షతో లోపమున్న పందులను సంతానోత్పత్తి నుంచి తప్పించగలిగారు.

వైరస్‌కు పొర ఉందా లేదా అన్నది శుభ్రత విషయంలో కూడా ముఖ్యం. కోళ్ల కొక్కెర తెగులు, గొర్రెల పీపీఆర్, ముద్దచర్మ వ్యాధి వైరస్‌లకు కొవ్వు పొర ఉంటుంది, సబ్బుతో అది చెదురుతుంది. గాలికుంటు వైరస్‌కు ఆ పొర లేదు. కాబట్టి దానికి మామూలు సబ్బు చాలదు, 4 శాతం వాషింగ్ సోడా ద్రావణం లాంటి క్షారం కావాలి.

బాక్టీరియా పొర మీద పనిచేసే మందుల్లో కొలిస్టిన్ ఒకటి. మనుషులకు చివరి ఆసరాగా మిగిలిన ఈ మందును ఆహారానికి పెంచే జంతువుల్లో వాడకుండా 2019లో భారత్ నిషేధించింది. కోళ్ల దాణాలో కలిపే మోనెన్సిన్ కూడా పొరలో దూరి సోడియం సమతుల్యాన్ని చెడగొట్టే రకమే. కోడికి మేలు చేసే మోతాదు గుర్రానికి ప్రాణాంతకం. పొర మీద పనిచేసే మందు ఏ జంతువు పొర మీద పనిచేస్తుందో చూసుకోవాల్సిన అవసరం దీనితో తెలుస్తుంది.

గేదె అంటే నల్ల ఆవు కాదు

పైన చెప్పిన కొలతల్లో ఎక్కువ భాగం హోల్‌స్టీన్ ఆవుల మీదా, యూరప్, అమెరికా పందుల మీదా చేసినవి. ఆంధ్ర, తెలంగాణల్లో పాడి అంటే ముందుగా గేదె. గేదె దున్న వీర్యకణాలు గడ్డకట్టించినప్పుడు ఆబోతు కణాల కంటే ఎక్కువ దెబ్బతింటాయని దశాబ్దాలుగా తెలుసు. పొరలోని కొవ్వుల కూర్పులో తేడా ఇందుకు ముఖ్య కారణమని పరిశోధకులు చెబుతారు. అయినా వాడుకలో ఉన్న ద్రవాలూ, చల్లబరిచే వేగాలూ చాలావరకు ఆబోతుకు కుదిరినవాటిని సరిచేసుకున్నవే.

ఈ పనికి కావలసిన వసతులు బెంగళూరులో ఒకే ఊళ్లో ఉన్నాయి. పొర మీద లోతైన పనికి ఎన్‌సీబీఎస్, పశువైద్యానికి హెబ్బాళ, వీర్యానికి హెసరఘట్ట, అడుగోడిలో 1995 నుంచి పనిచేస్తున్న జాతీయ పశుపోషణ, శరీరధర్మ పరిశోధన సంస్థ. ఆ అడుగోడిలోనే 1923లో మొదలైన పాడి పరిశోధన సంస్థ తర్వాత కర్నాల్‌కు మారి, ఇక్కడ దక్షిణ ప్రాంతీయ కేంద్రంగా మిగిలింది.

అసలు అడ్డంకి వ్యవధి. వీర్యకణాల పొర బాగుందో లేదో ప్రయోగశాలలో గంటలో తెలుస్తుంది. పల్చటి ద్రావణంలో వేస్తే పొర చెక్కుచెదరని కణం ఉబ్బి, దాని తోక చుట్టుకుంటుంది. సూక్ష్మదర్శినిలో లెక్కపెడితే చాలు. కానీ కొత్త ద్రవంతో చూడి నిలిచిందో లేదో తెలియాలంటే కనీసం రెండు నెలలు ఆగాలి. దూడ నేల మీద పడాలంటే ఆవుకు సుమారు 280 రోజులు, గేదెకు 310 రోజులు. పైగా చూడి కట్టడం ఎదను ఎప్పుడు గుర్తించారు, పశువుకు ఏం మేపారు, సూది వేసిన చెయ్యి ఎవరిది అన్నవాటి మీద కూడా ఆధారపడుతుంది. ద్రవం వల్ల వచ్చిన తేడాను వీటి నుంచి విడదీయాలంటే ఒక్కో మార్పును వేల పశువుల మీద, ఒకటికి రెండు ఎండాకాలాలు గడిచేదాకా పరీక్షించాలి. సైక్లోడెక్స్‌ట్రిన్ పద్ధతి ఆబోతుల్లో ఆగిపోయింది సరిగ్గా ఈ మెట్టు దగ్గరే.